ఊరిజట్టు ఎవరి సొత్తు?

ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలనగా మనవారిలో పెక్కుమందికి తోచునది ప్రీమియరు లీగు. శనివారము పొద్దుగ్రుంకిన పిమ్మట మన పట్టణములలోని యువకులు టెలివిజను ముందు గూర్చుండి, ఏనాడును కంట జూడని నగరముల జట్లకై ఉత్సాహపడుటయు, ఆ జట్లు ఓడిననాడు అన్నము మాని పరుండుటయు మన మెఱిగినదే. ఆ ఇరువది జట్ల ఆట చక్కనిది కాదని మే మనము. కాని అవియే ఇంగ్లండు ఫుట్‌బాలని తలంచుట, గోపురమును జూచి గుడి జూచితి మనుకొనుట వంటిది. గోపుర మెంత ఎత్తైనను పునాది మట్టిలోనే యున్నది. ఆ పునాదిని గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిమి. ఇది పరదేశపు మాటగా మొదలైనను, తుదకు మన గుమ్మము కడకే వచ్చి నిలుచుట పాఠకులు చూడగలరు.

ప్రీమియరు లీగున 20 జట్లు, దాని క్రింద మూడు అంతస్తులలో 72 జట్లు, మొత్తము 92. ఈ తొంబదిరెంటికి వెలుపల నున్నవాని నన్నిటిని కలిపి 'నాన్‌లీగు' అని వ్యవహరింతురు. పేరున లీగు లేకున్నను, నిజమునకు వానికిని లీగులు గలవు. ఐదవ అంతస్తున 24 జట్ల నేషనల్ లీగు. దాని క్రింద ఉత్తర దక్షిణ శాఖలు. వాని క్రింద నార్తరన్ ప్రీమియరు, సదరన్, ఇస్త్మియన్ లీగులు. ఆ క్రింద జిల్లా లీగులు. ఇట్లు మెట్టు క్రింద మెట్టుగా ఆ నిచ్చెన పల్లెపట్టుల పచ్చికబయళ్ల వఱకు దిగిపోవును. గెలిచిన జట్టు పై మెట్టునకు ఎక్కును. వెనుకబడినది క్రింది మెట్టునకు దిగును. చిట్టచివరి మెట్టున నున్న జట్టునకు సైతము పైమెట్టు మూసిన తలుపు కాదు. ఈ యొక్క నియమమే ఆ దేశపు ఆటకు ప్రాణము.

అట్టి చిన్న ఆటకు బోయిన ప్రేక్షకుని దిన మెట్లు గడచును? లండను నగరపు దక్షిణభాగమున డల్విచ్ హామ్లెట్ అను జట్టు గలదు. 1893లో స్థాపితమైనది, గులాబి, ముదురునీలి వన్నెల దుస్తులు ధరించును, దాని మైదానము పేరు చాంపియన్ హిల్. ఈస్టు డల్విచ్ రైలు స్టేషనులో దిగినవాడు కొలది నిమిషములలో కాలినడకను అచ్చటికి చేరవచ్చును. నెలలకు ముందుగా టిక్కెట్టు కొననక్కఱలేదు. ఇట్టి మైదానములలో ద్వారముకడ సొమ్ము పుచ్చుకొనువాడును, ఆటపత్రిక నమ్మువాడును, పచ్చికను దువ్వి సున్నపు గీతలు గీసినవాడును, పెక్కుచోట్ల జీతగాండ్రు కారు. ఆ పేటవారే, ఆ జట్టుపై మక్కువచే వచ్చి పని చేయువారు. తేనీటి అంగడిలో వేడి తేనీరు పోయు ఇల్లాలి కొడుకు మైదానమున ఆడుచున్నను ఆశ్చర్యము లేదు.

ప్రేక్షకుడు కటకటాల నానుకొని నిలుచును. బంతిని తన్నిన చప్పుడు వానికి వినబడును. ఆటగాండ్రు ఒకరినొకరు పిలుచుకొను పిలుపులును, శిక్షకుని మందలింపును, రిఫరీ సంజాయిషీయు వినబడును. వాని కేకయు ఆటగానికి వినబడును! పెద్ద మైదానములలో ఇరుపక్షముల అభిమానులను పోలీసులు విడదీసి కూర్చుండబెట్టుదురు; ఇచ్చట వా రొకే మెట్లపై కలసి నిలుతురు. సగమాట ముగియగానే గుంపులో నొక భాగము మెల్లగా కదలి మైదానమును చుట్టి ఆవలి కొనకు పోవును. తమ జట్టు ఏ గోలువైపు దాడి చేయునో ఆ గోలు వెనుక నిలుచుటకు. మద్యపు గ్లాసు చేతబట్టి ఆట చూచు నలవాటు ఈ చిన్న మైదానములలో గలదు. పెద్ద లీగుల మైదానములలో దానిని 1985 నాటి చట్టము నిషేధించినది. ఆ యలవాటును మేము మెచ్చము. మెచ్చవలసినది వేఱు: ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారును ఓడినవారును ఒకే గదిలో కూర్చుండి మాటలాడుకొందురు.

ఆట శనివారము మధ్యాహ్నము మూడు గంటలకే ఏల? దీనికి వెనుక నొక చరిత్ర గలదు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము బట్టల మిల్లులలో స్త్రీలచేతను, పిన్నవయస్కులచేతను శనివారము రెండు గంటల తరువాత పని చేయింపరాదని శాసించెను. వారు లేక మిల్లు నడువదు గనుక మగవారికిని సెలవు దొరకెను. ఆ సగము దినపు విశ్రాంతి నుండియే శనివారపు ఫుట్‌బాలు పెరిగి పెద్దదయ్యెను. శ్రామికులు అడిగి, పోరాడి సంపాదించుకొన్న తీఱిక ఈ ఆటకు ఉయ్యాల. ఆటను దొరలు నియమబద్ధము చేసియుండవచ్చును. దానిని ప్రజల ఆటగా జేసినది మిల్లు విడిచిన కూలివారి అడుగుల చప్పుడే.

ఆ గంటను వారు నేటికిని కాపాడుకొనుచున్నారు. 1960ల నుండి ఇంగ్లండున ఒక కట్టుబాటు గలదు: శనివారము మధ్యాహ్నము 2.45 మొదలు 5.15 వఱకు ఏ ఫుట్‌బాలు ఆటను టెలివిజనులో ప్రత్యక్షముగా చూపరాదు. పెద్ద జట్ల ఆట ఇంటిలోనే కనబడినచో చిన్న జట్ల మైదానములు పాడుపడునని ఈ నియమము. ఇందలి విచిత్రము పరికింపుడు. శనివారము మూడు గంటలకు మాంచెస్టరులో జరుగు ఆటను మాంచెస్టరువాడు తన ఇంట చూడజాలడు, గుంటూరువాడు చూడగలడు! వారి ఊరిజట్టును కాపాడుటకు వారు కట్టిన గట్టు ఆవలివైపున, మన ఇండ్లలోనికి వరద విడువబడినది. మన ఊరిజట్లకు గట్టు కట్టినవా రెవరు?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. జట్టు ఎవరిది? కాగితముల మీద యజమాని పేరున్నవానిదా? గాలివానలలో కటకటాల నానుకొని నిలిచినవానిదా? ఇంగ్లండు ప్రజ లీ ప్రశ్నను కన్నీటితో నేర్చిరి. వింబుల్డన్ అను లండను పేట జట్టు 1889లో పుట్టి, దీర్ఘకాలము నాన్‌లీగున ఆడి, 1977లో లీగున ప్రవేశించి, 1988లో లివర్‌పూలునంతటి జట్టును ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలిచినది. 2002 మే 28వ తేదీన, ఆ జట్టును దాని యజమానులు సుమారు 90 కిలోమీటర్ల దూరముననున్న మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలించుకొనవచ్చునని ఫుట్‌బాలు సంఘము నియమించిన ముగ్గురు సభ్యుల సంఘము తీర్పు చెప్పెను. ఊరివారు క్రొత్తగా మరల జట్టు కట్టుకొనుట ఆట యొక్క విశాల ప్రయోజనములకు అనుకూలము కాదని కూడ ఆ తీర్పరులు అభిప్రాయపడిరి.

ఊరివారు ఆ హితబోధ వినలేదు. కొలది వారములలోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను జట్టును స్థాపించిరి. పేటలోని బహిరంగ మైదానమున ఆటగాండ్రను పరీక్షించి ఎన్నుకొనిరి. ఆ పరీక్షకు రెండువందలకు పైగా యువకులు వచ్చిరి. నిచ్చెన అడుగుమెట్ల నుండి మొదలిడి, తొమ్మిది ఋతువులలో అయిదు మెట్లెక్కి, 2011లో లీగున మరల అడుగుపెట్టిరి. 2020 నవంబరున తమ ప్రాతపేటయందే, ప్రాత మైదానమునకు దాపున, క్రొత్త మైదానము కట్టుకొని ప్రవేశించిరి. దోచుకొనబడిన దానిని ఏడ్చి యడుగక, పని చేసి మరల సృష్టించుకొన్న ప్రజల కథ యిది. స్వరాజ్యమను మాటకు అర్థ మెఱిగినవారి కిది వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు.

బరీ పట్టణపు కథ మఱింత దారుణము. 1885లో పుట్టి, 1900లోను 1903లోను ఎఫ్.ఏ. కప్పు గెలిచిన ఆ జట్టు, 2018 డిసెంబరున ఒక్క పౌనునకు చేతులు మాఱినది. తొమ్మిది నెలలు తిరుగక మునుపే, 2019 ఆగస్టు 27న, దాని ఆర్థికస్థితి సరిగా లేదని లీగు బహిష్కరించినది. నూటముప్పది యేండ్లు దాటిన సంస్థకు ఒక్క పౌను వెల! అచ్చటి అభిమానులును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2023లో బరీ పేర ఒక జట్టు ఆ ప్రాత మైదానమునకే తిరిగి వచ్చి, తొమ్మిదవ అంతస్తున ఆట మొదలిడెను. మేము పైన జెప్పిన డల్విచ్ జట్టునకును ఇట్టి గండము తప్పలేదు. 2018లో మైదానము చేతిలోనున్న స్థిరాస్తి సంస్థతో తగవు ముదిరి, ఆ జట్టు తన మైదానము నుండి వెళ్లగొట్టబడెను. దాని పేరును దానినే వాడుకొనరాదను తాఖీదు సైతము వచ్చెను. పరుల మైదానమున ఆడుచునే ఆ యేడే పై మెట్టెక్కి, డిసెంబరులో ఆ జట్టు ఇంటికి మరలెను.

ఈ యనుభవముల ఫలము రెండువిధములుగా కనబడుచున్నది. మొదటిది ప్రజలు తామై చేసినది. లూయిస్ పట్టణపు జట్టు 2010 నుండి అభిమానుల ఉమ్మడి సొత్తు. ధనికుడైనను పేదయైనను ఒక్కొక్కరికి ఒక్క వాటా, ఒక్క ఓటు. ఆ జట్టే 2017లో పురుషుల జట్టునకును స్త్రీల జట్టునకును సమానమైన వ్యయము నిర్ణయించెను. కోట్లకు పడగలెత్తిన జట్లు చేయజాలని ధర్మమును చిన్నపట్టణము చేసి చూపెను. రెండవది ప్రభుత్వము చేసినది. 2025లో పార్లమెంటు ఫుట్‌బాలు పాలనా చట్టమును ఆమోదించి, పై అయిదు అంతస్తుల జట్లపై స్వతంత్ర నియంత్రకుని నెలకొల్పెను. ఇక మీదట జట్టు తన మైదానము నమ్మవలెనన్నను, వేఱొకచోటికి తరలవలెనన్నను ఆ నియంత్రకుని అనుమతి కావలెను. ప్రజలు ముందు నడచిరి. చట్టము వెనుక నడచెను. ఎల్లప్పుడు జరుగునది ఇంతే.

"ఆ చిన్న జట్ల ఆట నాసిరకము గదా! శ్రేష్ఠమైనది ఇంటిలోనే దొరకుచుండ నాసిదానికై వానలో నిలుచు టెందుల"కని యడుగువారు గలరు. ఆట వాసిలో భేదము గలదు. కాదనుట సత్యము కాదు. కాని శ్రేష్ఠత ఆకసము నుండి యూడిపడదు. డల్విచ్ జట్టున జీతము లేక ఆడిన ఎడ్గర్ కెయిల్ 1929లో ఇంగ్లండు జాతీయజట్టున మూడుమాఱు లాడెను. 1972 ఫిబ్రవరిలో నాన్‌లీగు జట్టగు హియర్‌ఫర్డు బురదలో నిలిచి న్యూకాసిలును ఓడించెను. 2017లో లింకన్ సిటీ, ఐదవ అంతస్తున నుండియే, ప్రీమియరు లీగు జట్టగు బర్న్‌లీని దాని ఇంటనే కొట్టి ఎఫ్.ఏ. కప్పు చివరి ఎనిమిది జట్లలో నిలిచెను. నారుమడి లేని పొలమున పంట పండునా?

మఱి యొక యాక్షేపణ గలదు: చిన్న జట్లన్నియు పుణ్యక్షేత్రములు గావని. నిజమే. వానిలోను అప్పులు గలవు. తాత్కాలికపు ధనికుని దయమీద మిడిసిపడి, వాడు విడిచిన మఱునాడు కూలినవి గలవు. సంఘములలో ముఠాలు గలవు. కాని చిన్నచోట తప్పు జరిగినపుడు తప్పు చేసినవాడు ఎదుట కనబడును. వాని నడుగ వచ్చును; ఏటేట జరుగు సభలో దింపవచ్చును. సముద్రముల కావలి యజమానిని దింపునట్టి ఓటు ఏ ప్రేక్షకుని చేత నున్నది?

ఇట్టి చిన్న మైదానములకు మన దేశచరిత్రతోను చుట్టఱికము గలదు. 1948 లండను ఒలింపిక్కులలో ఆటలు కొన్ని ఇట్టి పేటల మైదానములలోనే జరిగినవి. చాంపియన్ హిల్‌లో కొరియా జట్టు మెక్సికోను 5-3 గోలులతో ఓడించెను. స్వతంత్ర భారతజట్టు జూలై 31న ఇల్ఫర్డులో ఫ్రాన్సును ఎదుర్కొనెను. మన యాటగాండ్రలో పలువురు బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. సారంగపాణి రామన్ గోలు చేసి ఆటను సరిజేసెను. రెండు పెనాల్టీలు చేజాఱెను. ఆట ముగియు గడియలో ఫ్రాన్సు రెండవ గోలు చేసి గెలిచెను. ఓడినను ఆ వట్టికాళ్ల ఆటను లోకము మఱవలేదు.

ఆ తరువాతి వైభవము మన హైదరాబాదుది. వృత్తిచే ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్కులలో నాలుగవ స్థానము నొందెను. 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ హైదరాబాదుది, 1965-66లో ఆంధ్రప్రదేశముది. ఈ వీరులు టెలివిజను చూచి ఆట నేర్చినవారు కారు. పేటల మట్టిమైదానములలో, ఊరివారి కన్నుల యెదుట నేర్చినవారు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాటకు వా రుదాహరణము.

నేటి సంగతి యేమి? 2019లో హైదరాబాదు పేర నొక జట్టు వెలసెను. పూనేలో నొక జట్టు మూతబడగా దాని స్థానమున వచ్చినదది. 2022 మార్చిలో గోవాయందు కేరళ బ్లాస్టర్సును ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. మూడేండ్లు దాటి కొలది నెలలు గడచెనో లేదో, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలింపబడి పేరు సైతము మార్చుకొనెను. వింబుల్డనునకు జరిగినదే హైదరాబాదునకు జరిగినది. కాని వింబుల్డనువారు కొలది వారములలో క్రొత్తజట్టు కట్టిరి. మన మేమి చేసితిమి? వార్త చదివి, పుట త్రిప్పితిమి. రహీం పుట్టిన నగరమున ఇంతటి మౌన మేల?

దీనికి కారణము అభిమానము లేకపోవుట కాదు. అభిమానమునకు ఆధారమైన సంస్థ లేకపోవుట. పైనుండి దింపిన జట్టును పైవాడే ఎత్తుకొనిపోగలడు. క్రిందినుండి మొలచిన జట్టును పెకలింప బూనినచో దానితోబాటు వేళ్లును, వేళ్లతో మట్టియు లేచివచ్చును. చందాలతోను, స్వచ్ఛందసేవతోను సంస్థను నిలుపుట మనకు తెలియని విద్య కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పినవారు ఏ కోటీశ్వరుని వాటాలకును ఎదురుచూడలేదు. ఈ పత్రికను పఠనమందిరములలో చదువు మహాశయులు కూర్చున్న బల్లలు పెక్కుచోట్ల అట్టి చందాల ఫలమే. పుస్తకమునకు జేసిన పనిని బంతికి చేయలేమా?

మేము కోరునది గొప్ప మైదానములు గావు. ప్రతి పట్టణమున ఒక ఆటస్థలము, దానిని అమ్మకానికి పెట్టరాదను పురపాలకసంఘపు తీర్మానము. ఊరివారు సభ్యులై, సభ్యుని కొక్క ఓటు గల ఒక జట్టు. గెలిచినదానికి పై మెట్టు తప్పక దొరకు జిల్లా లీగు. వారమున కొక్క దినము నిర్ణీతమైన గంట. ఇంగ్లండున 2010 నుండి ఏటేట ఒక శనివారమును 'నాన్‌లీగు దిన'మని పాటించి, పెద్దజట్ల అభిమానులను చిన్న మైదానములకు పిలుచుచున్నారు. అది మొదలిడినవాడు సామాన్యుడగు ఒక అభిమానియే. మనకును అట్టి దినమొకటి యుండరాదా?

ఊరిజట్టు ఎవరి సొత్తను ప్రశ్నకు కాగితములలో సమాధానము వెదకుట వ్యర్థము. ఎవరు వచ్చి నిలుతురో, ఎవరు గీత గీయుదురో, ఎవరు ఓడిననాడు కూడ మరల వత్తురో, జట్టు వారిది. రానివారికి దానిపై హక్కు లేదు. అది తరలిపోయిననాడు ఏడ్చు హక్కును లేదు. రాబోవు ఆదివారము మీ యూర పిల్లలు బంతి యాడుచోటి కొకమాఱు పొండు. టిక్కెట్టున్నచో కొనుడు, లేకున్నచో ఒక చందా పుస్తకము తెఱవుడు.